బుట్టలో డబ్బు, సీసాలో కూలి

మార్కెటింగ్ సబ్‌కమిటీ తరఫున మాట్లాడుతున్నాం. మన సరుకుకు ధర ఎలా వెయ్యాలో చెప్పమని మాకు అప్పజెప్పారు. ముందుగా ఒక కుమ్మరి సంగతి చెప్తాం. ఆయన పేరు వారెన్ మెకెంజీ, అమెరికా ఆయన.

1924లో పుట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి బొమ్మలు వెయ్యడం నేర్చుకుందామని కాలేజీకి వెళ్తే ఆ తరగతులు నిండిపోయాయి. దాంతో మట్టిపనిలో చేరారు. భార్య ఆలిక్స్‌దీ అదే పని. ఇద్దరూ ఇంగ్లండ్ వెళ్లి బెర్నార్డ్ లీచ్ అనే పెద్దాయన దగ్గర రెండేళ్లకు పైగా పని నేర్చుకున్నారు. వచ్చాక మిన్నెసోటా రాష్ట్రంలో స్టిల్‌వాటర్ దగ్గర బట్టీ పెట్టుకున్నారు. ఆయన సారె మీద గిన్నె చేస్తే, దాని మీద నగిషీ ఆమె వేసేవారు. 1962లో ఆలిక్స్ చనిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు. అయినా ఆయన పని ఆపలేదు.

గిన్నె అన్నాక రోజూ అందులో తినాలి, కడుక్కోవాలి, అద్దాల బీరువాలో పెట్టి చూసుకోకూడదు అనేది ఆయన పట్టు. అందుకే ధర తక్కువ పెట్టేవారు. ఇంటి దగ్గర గదిలో గిన్నెలు పేర్చి, పక్కన ఒక బుట్ట ఉంచారు. కాపలా లేదు. కొన్నవాళ్లే లెక్క చూసుకుని డబ్బు వేసి, చిల్లర తీసుకునేవాళ్లు.

పేరు పెరిగాక కొందరు చవగ్గా కొనుక్కుపోయి ఎక్కువకు అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఆయన గిన్నెల మీద తన ముద్ర వెయ్యడం మానేసి చూశారు. ఆగలేదు. 2006లో ఆ గది మూసేశారు. 2018 చివరి రోజున, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరి మనమూ ఆయనలాగే చవగ్గా ఇద్దామా? ఇక్కడ ఒక మాట గమనించాలి. 1953 నుంచి 1990 వరకు ఆయనకు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఉంది. నెల జీతం ఇంటికొచ్చేది. మనలో చాలామందికి పచ్చడి సీసా అమ్మితేనే జీతం.

మాలో ఇద్దరం పచ్చళ్లు పెట్టేవాళ్లమే. పోయినసారి స్టాలు లెక్క తీస్తే నూనె, కారం, సీసా, లేబుల్, ఆటో కిరాయి అన్నీ ఉన్నాయి. మా కూలి ఎక్కడా లేదు. ఇంట్లో చేసిందే కదా అని వదిలేశాం.

మెకెంజీ గారి దగ్గర నమ్మకం నేర్చుకుందాం. రోజూ పనికొచ్చే సరుకు చేద్దాం. కూలి మాత్రం వదులుకోవద్దు. రేటు వేసే ముందు, చేసినామె కూలి ఎంతో ప్రతి సంఘం పుస్తకంలో రాయాలని కోరుతున్నాం. ఈ రోజే తీర్మానం చేద్దాం.