వేషము, పాచిక, తెలుగు మాట

(గోసాని నువాగాంలో మన పాఠశాల తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కోరినప్పుడు, నేను ఒక ఆటను గూర్చి చెప్పెదనంటిని. “పెద్దల సభలో ఆట మాట లేమిటండీ?” అని ఒక మిత్రులు నవ్విరి. వారి నవ్వులో న్యాయము లేకపోలేదు. అయినను ఈ ఆట మన పిల్లల నోట తెలుగు నిలుచుటకు సంబంధించినది. కావున కొంచెము ఓపికతో వినుడని వేడుకొనుచున్నాను.

మన యిండ్లలో జరుగుచున్నది మీకు తెలియనిది కాదు. నాయనమ్మ తెలుగున అడుగును. మనుమడు ఒడియాలో బదులు చెప్పును. వాడు తప్పు చేయుట లేదు. ఒడియా ఈ గడ్డ భాష. వీధిలోను, అంగడిలోను, కచేరీలోను మనకు అన్నము పెట్టు భాష. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, అంతవరకు మదరాసు రాజధానిలో నుండిన బరంపురము అందులో చేరినది. రెండు భాషలతో బ్రతుకుట మనకు అలవాటే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలుగజేయుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అయితే చట్టము బడిని ఇయ్యగలదు గాని, నోటిలో మాటను ఇయ్యజాలదు. పిల్లవాడు పాఠము చదువును, పరీక్ష వ్రాయును. గంట కొట్టగానే తెలుగును పుస్తకములతోబాటు సంచిలో పెట్టి మూసివేయును. తెలుగున మాటాడవలసిన అవసరమొకటి వానికి సంతోషముగా కలుగవలెను. అట్టి అవసరమును కల్పించు ఆటయే నేను చెప్పబోవునది.

వేషమన నేమో బరంపురము వారికి చెప్ప నక్కరలేదు. రెండేండ్ల కొకసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగునప్పుడు, దేశీబెహెరా వీధిలోని పుట్టినింటికి అమ్మవారు వచ్చిన దినములలో, ఊరంతయు వేషములతో నిండును. దేవతల వేషము కట్టువారు కొందరు, పులివేషము కట్టువారు కొందరు. నిన్నటిదాక మన ప్రక్కింట నెమ్మదిగా తిరిగిన యువకుడు, ఒంటిమీద చారలు పడగానే వేరు నడక నడచును. తెలుగునాట పగటివేషగాండ్రు చూపిన విద్యయు నిదియే. ఆ విద్యను రంగులు లేకుండ, ఒక కాగితముతోను, ఒక పెన్సిలుతోను, రెండు పాచికలతోను చేసినయెడల మన ఆట యగును. అమెరికాలో 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేరుతో ఇట్టి ఆట నొకదానిని ప్రకటించిరి. బల్ల చుట్టు కూర్చుండి తలకొక పాత్ర ధరించి కథ నడుపు పద్ధతి దానినుండి అనేక దేశములకు వ్యాపించినది. వారి పుస్తకములు లావైనవి. వారి పాచికలలో ఇరువది ముఖములవియు కలవు. మనకు అంత ఆడంబరము వలదు.

నలుగురైదుగురు పిల్లలు కూర్చుండవలెను. ఒకరు సూత్రధారుడు. కథను నడుపుటయు, దారిలో చిక్కులు కల్పించుటయు అతని పని. తక్కినవారు పాత్రలు.

మొదట పాత్ర కల్పనము. ప్రతి పిల్లవాడును తన పాత్రకు పేరు, ఊరు, వృత్తి వ్రాయవలెను. పిదప నాలుగు గుణములు: బలము, చురుకు, తెలివి, మాటకారితనము. ఈ నాలుగింటికిని పది మార్కులు పంచవలెను. ఏ గుణమునకును ఒకటికి తక్కువ గాని, నాలుగుకు మించి గాని ఉండరాదు. కావున అన్నింట ఘనుడైన వీరుడు ఈ ఆటలో పుట్టనే పుట్టడు. ఆపైన ఒక నేర్పు, ఒక బలహీనత చేర్చవలెను. ఈ బలహీనతయే ఆటకు ప్రాణము. తన బలహీనతవలన తానే చిక్కున బడి అందరిని నవ్వించిన పిల్లవానికి సూత్రధారుడు ఒక గవ్వ బహుమానమిచ్చును. ఆ గవ్వను తిరిగి యిచ్చి ఒకమారు పాచికలు మరల వేసికొనవచ్చును. పూర్వ మీ ప్రాంతమున గవ్వలే చిల్లర నాణెములు. వాటి చెలామణిని తీసివేయుట 1817లో ఖుర్దాయందు లేచిన పాయికుల తిరుగుబాటునకు ఒక కారణమైనది. ఈ సంగతి కూడ పిల్లలకు ఆటలోనే చెప్పవచ్చును.

ఇక పాచికల నియమము. సులభముగా జరుగు పనికి పాచికలు వేయనక్కరలేదు. సందేహమున్న పనికి ఆరేసి ముఖములు గల రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తమునకు తగిన గుణమును కలుపవలెను. చిన్న చిక్కునకు 7, నడిమి చిక్కునకు 9, పెద్ద చిక్కునకు 11 రావలెను. రెండు పాచికలు పడు తీరులు 36. అందు 7 పడు తీరులు ఆరు. 2 గాని 12 గాని పడు తీరు ఒక్కొక్కటే. నడిమి చిక్కులో గుణము 1 గలవాడు 36లో 15 తీరుల గెలుచును. 4 గలవాడు 30 తీరుల గెలుచును. పిల్లలు దీనిని తామే లెక్కకట్టి కనుగొందురు. లెక్కల మాస్టరుగారికి మనము మేలు చేసినవార మగుదుము. రెండు ఆరులు పడిన కోరనిది కూడ కలిసివచ్చును. రెండు ఒకట్లు పడిన నవ్వుల పాటు తప్పదు. ఓడినవాడు ఆటనుండి తొలగిపోడు. కథ మాత్రము వేరు దారి త్రొక్కును.

కడపటి నియమము నాకు మిక్కిలి ఇష్టమైనది. సూత్రధారుడు ఫలము చెప్పకముందే, సందర్భమునకు తగిన తెలుగు సామెత చెప్పినవానికి ఒకటి కలియును. ఒక సామెత ఒక దినమున ఒక్కసారియే చెల్లును.

“ధర్మరాజు, నలుడు పాచికలవలననే గదా చెడిరి?” అని తల్లులు అడుగవచ్చును. వారిని చెరిచినది పందెము. ఈ ఆటలో పందెము లేదు. కాసులే కాదు, మిఠాయి కూడ ఒడ్డరాదు. పిల్లలు ఒకరితో నొకరు పోటీపడరు. అందరును కలిసి ఒక కథను గట్టెక్కింతురు.

నా అనుభవ మొకటి మనవి చేసెదను. మొదటి దినమున మా అరుగుమీద మనుమలను కూర్చుండబెట్టి, ఒడియా మాట దొర్లినప్పుడెల్ల మార్కు తగ్గించితిని. అరగంటలో అందరును లేచిపోయిరి. తప్పు నాది. మరువారము ఆ శిక్ష తీసివేసి, సామెత నియమము పెట్టితిని. కథ యిది: పెండ్లి పట్టుచీర నొకదానిని బరంపురమునుండి గోపాలపురమునకు చేర్చవలెను. మా చిన్న మనుమడు ఒక మల్లుని కల్పించెను: బలము 4, చురుకు 2, తెలివి 1, మాటకారితనము 3, బలహీనత, పిల్లి యనిన భయము! దారిలో చీర మూటమీద పిల్లి యొకటి పండుకొన్నది. బుజ్జగించి లేపుట నడిమి చిక్కు. పాచికలు రెండు, మూడు పడినవి. మూడు కలిపిన ఎనిమిది, ఒకటి తక్కువ. వాడు దిక్కులు చూచుచుండగా లోపలినుండి వాని నాయనమ్మ, “పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము” అనెను. వాడు రెండు మారులు తడబడి, మూడవమారు తప్పులేకుండ పలికెను. పిల్లి లేచెను. ఆటయంతయు ముగిసిన పిదప వాడు వంటయింటి గుమ్మమున నిలువబడి, “నాయనమ్మా, ప్రాణసంకటమంటే ఏమిటి?” అని అడిగెను. ఆమె కూర కలియబెట్టుట మాని వానివైపు తిరిగెను. వాడు తనంతట తాను తెలుగున ఆమె నొక మాట యడుగుట నేను చాల దినములకు వింటిని.

ఈ ఆట ఒక్కటితో భాష నిలుచునని నేను చెప్పను. బడి, పుస్తకము, ఉపాధ్యాయుడు అన్నియు వలెను. కాని సామెతలు తెలిసిన పెద్దలు మన యిండ్లలో ఏటికేడు తగ్గుచున్నారు. వారి యొద్ద నున్నది ఏ పాఠ్యపుస్తకములోను పూర్తిగా లేదు. కావున ఆదివారము ఒక గంట చేతిఫోను ప్రక్కనబెట్టి, రెండు పాచికలు, ఒక పుస్తకము, ఇంటి పెద్ద నొకరిని పిల్లల నడుమ కూర్చుండబెట్టుడు. ఒడియా పిల్లలు ఆడవచ్చినను మంచిదే. వారి సామెతకు కూడ ఒకటి కలుపుడు.