ర్యాంకు చెప్పేదెంత? చెప్పనిదెంత?

(నాంపల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు మనకు కొత్త కాదు. వాటిలో జీఆర్‌ఈ పుస్తకాలు, ఎంట్రెన్స్ గైడ్లు వెతుక్కునే పిల్లలూ కొత్త కాదు. అక్కడి నుంచి ఇటు నడిస్తే నాంపల్లిలో ఇంటర్ బోర్డు. అక్కడ ర్యాంకు కోసం తిప్పలు, ఇక్కడ మార్కుల కోసం తిప్పలు. మరి పీజీలో, పరిశోధనలో ఎవరు నిలబడతారో ఈ రెండింటిలో ఏది చెప్పగలదు?

అమెరికాలో దీనికి లెక్కలు కట్టారు. 2001లో నాథన్ కున్సెల్, ఆయన సహచరులు 82,659 మందికి సంబంధించిన పాత అధ్యయనాలను కలిపి చూశారు. జీఆర్‌ఈ, డిగ్రీ మార్కులు రెండూ పీజీ మార్కులను కొంతవరకు ముందే చెప్పగలిగాయి. సబ్జెక్టు పరీక్ష ఇంకొంచెం మెరుగు. కానీ కోర్సు ఎవరు పూర్తి చేస్తారన్న దగ్గర వాటి పట్టు సడలింది. 2019లో నాలుగు వేలకు దగ్గరగా భౌతికశాస్త్ర పీహెచ్‌డీ విద్యార్థులపై వచ్చిన అధ్యయనంలో జీఆర్‌ఈ కన్నా డిగ్రీ మార్కులే నయమని తేలింది. దాని మీద వాదనలూ నడిచాయి. ఇలాంటి లెక్కలన్నీ సీటు దొరికిన వాళ్లవే. గడప దాటనివ్వని పిల్లవాడు ఎట్లా చదివేవాడో ఏ లెక్క చెబుతుంది?

ఇక మన సంగతి. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తెలంగాణలో 2023లో దాన్ని తీసేశారు. పీజీ సీట్ల దగ్గర సీపీగెట్ ర్యాంకుదే పెత్తనం. మూడేళ్ల డిగ్రీ చదువు ఒక పూట పరీక్ష ముందు చిన్నబోయింది. అట్లాగని మార్కులనే నమ్ముకుందామా? 2019 ఇంటర్ ఫలితాలను మరిచిపోలేం. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా పడిన అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తూచే తరాజే తప్పయితే సరుకును ఏమని నిందిస్తాం?

మేము పరీక్షలు వద్దనడం లేదు. పైరవీల కన్నా పరీక్ష మేలే. అయితే ఆ పరీక్షకూ ఒక పరీక్ష పెట్టాలంటున్నాం. ఏ ర్యాంకుతో, ఎన్ని డిగ్రీ మార్కులతో చేరినవాళ్లలో ఎందరు కోర్సు పూర్తి చేశారు? ఎందరు మధ్యలో ఆగారు? చదువు రాక ఆగారా, ఫీజు కట్టలేక ఆగారా? పేర్లు తీసేసి ప్రతి విశ్వవిద్యాలయం ఈ లెక్క ఏటా బయటపెట్టాలి. రిజిస్టర్లు ఉద్యోగ మిత్రుల చేతుల్లోనే ఉన్నాయి. అడగాల్సింది విద్యార్థులు. ఈ ఒక్క ప్రశ్నతో ప్రతి వర్సిటీకి వినతిపత్రం ఇద్దాం. జవాబు వచ్చేదాకా ర్యాంకును ర్యాంకనే అందాం, తలరాత అనొద్దు.