తలకొండపాడు చింతతోపు

తెలుగునాట క్రైస్తవ సంఘాల చరిత్ర చెప్పువారు తరచుగా గుండ్లకమ్మ తీరం నుండియే ఆరంభిస్తారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద ఆ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మం పొందిన మాట ప్రసిద్ధమైనదే. అంతకు పదకొండేండ్లకు పూర్వం ఇరువది ఎనిమిది మందితో ఏర్పడిన ఒక పల్లె సంఘాన్ని గురించి మేము నేడు ముచ్చటింపదలచినాము.

ఆ పల్లె తలకొండపాడు. ఒంగోలుకు నైరుతిగా సుమారు నలుబది మైళ్లు. ఆనాడు ఒంగోలు సీమ నెల్లూరు జిల్లాలో ఉండేది. యర్రగుంట్ల పేరయ్య ఆ పల్లె మాదిగవాడలోని గృహస్థు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవం చెవిని పడకమునుపే ఆయన రాజయోగ సంప్రదాయంలో ఒక స్త్రీ గురువు వలన ఉపదేశం పొంది, తానును శిష్యులకు ధ్యానమార్గం బోధించుచుండెడివాడు. చెప్పులు కుట్టు వాడలో వేదాంతమా అని ఆశ్చర్యపడనక్కరలేదు. అట్టి గురువులు ఆ సీమలో పెక్కుమంది ఉండిరి. తోళ్లు కొనుటకై ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో అలెగ్జాండరు అను ఆంగ్ల పాదిరీ బోధ విని, 1866లో పేరయ్య భార్యతో కూడ బాప్తిస్మం పొందినాడు.

ఆ యేడు సెప్టెంబరులో జాన్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు పాదిరీ ఒంగోలులో కాపురం పెట్టినాడు. 1867 జనవరిలో ఆయన తలకొండపాడు చేరునప్పటికి చుట్టుపట్ల ఊళ్లవారు ముప్పది నలుబది మంది బియ్యము, వంటకుండలు, పడకబట్టలు మూటగట్టుకొని చింతతోపులో దిగి ఉన్నారు. వారంతా పేరయ్య చుట్టాలు, శిష్యులు. కొన్ని దినములు బోధ జరిగిన తరువాత జనవరి 20న ఇరువది ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చినారు. ఆ సంఘాన్ని దొర స్థాపించెననుట వాడుక. దొర బండి దిగువేళకు సంఘం చెట్టు నీడన కూర్చుండియే ఉన్నదని మా అభిప్రాయం.

చేరినవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న మాటలే. కాని ఆనాటి పల్లె కట్టుబాటును తలచి చూడండి. ఊరిలో పశువు చచ్చిన కళేబరం మాదిగలది. ఆ తోలుతోనే వారు రైతుకు చెప్పులు కుట్టవలెను, కపిలబాన కట్టవలెను. కోతల వేళ కళ్లంలో కొలిచెడి గింజలు అందుకు ప్రతిఫలం. జాతరకు డప్పు కొట్టుట, పిలిచినప్పుడు వెట్టికి పోవుట కూడ ఆ లెక్కలోనివే. కావున కుళ్లిన మాంసం మానినవాడు కూలిలో ఒక భాగాన్ని కాదన్నవాడైనాడు. డప్పు మానినవాడు ఊరి దేవతను, ఆదివారం వెట్టికి రానన్నవాడు కరణమును, మునసబును ధిక్కరించినవాడైనాడు. గింజలు నిలిపివేయుట, నీళ్లకు అడ్డుపడుట, కొట్టుట ఆ సీమ పల్లెలలో దానికి వచ్చిన సమాధానాలు. అయినను వారు వెనుకకు పోలేదు. నదీతీరపు పెద్ద సంఖ్య కంటె ఈ ఓర్పే మాకు గొప్పగా తోచుచున్నది.

తరువాతి కథ మీరెరిగినదే. 1876-78 కరవులో క్లౌ బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపినాడు. కూటి కొరకు చేరినారను అపవాదు రాకుండ, ఆ పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేసి, 1878 జూన్‌లోనే తిరిగి ఆరంభించినాడు.

మతం మారినంత మాత్రమున వాడ ఊరి నడుమకు రాలేదు. చర్చి కూడ వాడలోనే లేచినది. షెడ్యూల్డు కులాలను గూర్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు మాత్రమే పరిమితం చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చినారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గంగా లెక్కించినారు. అందుచేత పెక్కు పల్లెలలో ఒకే మనిషికి బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘపు పుస్తకంలో మరొక పేరు ఉండుట వాడుకైనది.