దుర్గమను మాట

క్రైస్తవ వేదమున, కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక పదవ యధ్యాయమునందు, పౌలు 'ఒఖురోమ' యను గ్రీకుపదమును వాడినాడు. క్రొత్త నిబంధనలో నీమాట యీ యొక్కచోటనే కలదు. తెలుగుసేతలో దీనికి 'దుర్గము' అని యున్నది. గ్రీకుపదమునకు మూలార్థము దృఢమైనది, దుర్గమనగా చొరరానిది. అది లోపలివాని బలమును, ఇది వెలుపలివాని కష్టమును దెలుపును.

కోట యనగా మన సీమవారికి బొబ్బిలియే తలంపునకు వచ్చును. 1757వ సంవత్సరమున బుస్సీ ఫిరంగుల కా కోట కూలెను. విజయనగర ప్రభువు విజయరామరాజు గెలిచెను. కొన్నినాళ్లకే తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. గోడలు కూలినను పగ కూలలేదు.

పౌలు చెప్పిన దుర్గ మిట్టిదే. తరువాతి వాక్యముననే దానిని వితర్కములనియు, దైవజ్ఞానమున కడ్డుగా లేచిన గర్వమనియు వివరించినాడు. తన యాయుధములు శరీరసంబంధమైనవి కావనియు జెప్పినాడు. కావున నీ వాక్యమును బట్టి పరమతస్థునిపై కత్తి దూయువాడు దాని యర్థ మెరుగనివాడు.

పెద్దలారా! గట్టు తగవు దీర్ప గూర్చున్నప్పుడు 'నా మాటయే నెగ్గవలె' నను కోట మనలోను లేచును. దానికి ఫిరంగి పనికిరాదు. లోపలివాడే తలుపు దీయవలెను.