తోలుబొమ్మ వెనుక దీపము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు ఆరు రుచులను కలిపి నాలుకకు అందిస్తాము. రంగును, వెలుగును కలిపి కన్నులకు అందించే విద్య ఒకటి మన సీమలో ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మేము చిక్కబళ్ళాపురం జిల్లా సోమేనహళ్ళి ప్రాంతపువారము. బడిలో కన్నడము చదివి, ఇంటిలో తెలుగు మాట్లాడేవారము. బాగేపల్లి దాటి ఉత్తరంగా పోతే ధర్మవరం సీమ వస్తుంది. అక్కడి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టినది పేరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

మేకతోలును వెండ్రుకలు, కొవ్వు పోయేటట్లు గీకి, బిగలాగి ఎండబెడతారు. చెప్పుల తోలువలె తంగేడుచెక్కతో పదును పెట్టరు. అందుచేత అది నూనెకాగితమువలె వెలుగును రానిస్తుంది. రెండువైపులా రంగు వేస్తారు. ఉలితో తొలిచిన బెజ్జములే దీపము ముందర నగల రాళ్ళై మెరుస్తాయి. జావాద్వీపపు వయాంగ్ బొమ్మల నీడ సాధారణంగా నలుపు. మన బొమ్మ నీడకు రంగు ఉన్నది. బొమ్మను తెరకు ఆనిస్తే రంగు చిక్కన, అంచు స్పష్టము. వెనుకకు జరిపితే రంగు పలుచనై కరిగిపోతుంది. రాముడెవరో రావణుడెవరో తెలియని పసిబిడ్డ కూడ ఆ ఎరుపును, ఆ పచ్చను చూచి రెప్పవేయదు.

ఆకారముతో పనిలేక రంగును, వెలుగునే చిత్రముగా చూపుట కొత్త విద్య అంటారు. హంగరీ దేశీయుడైన మొహొలీ నాజ్ 1930లో లోహపు పలకలను, గాజును యంత్రముతో తిప్పి, గోడమీది వెలుగునీడలనే కళగా చూపినాడు. మనవారు కథ చెప్పుటకు అదే వెలుగును వాడుకొన్నారు. మర్మము ఒక్కటే: వస్తువు పలుచనైతేనే వెలుగు పలుకుతుంది.

నేడు రాత్రంతా ఆట ఆడించేవారు తగ్గిపోయినారు. నిమ్మలకుంటవారు అదే తోలుతో దీపాలకు తొడుగులు చేసి జీవిస్తున్నారు. కొన్నింటిమీద రాముడు లేడు, సీత లేదు. తీగలు, పువ్వులు, వట్టి రంగులు. కళ దిగజారినదని కొందరు పెదవి విరుస్తారు. మేము అలా అనము. తొడుగు అన్నము పెడుతున్నది, చేతిపనిని నిలుపుతున్నది. కాని చెయ్యి మిగిలి గొంతు పోతే, ఆట సగము చచ్చినట్లే.

కాబట్టి మన సంఘమునకు ఒక విన్నపము. తొడుగులు కొనండి, ఏడాదికి ఒక ఆటను కూడ పిలిపించండి. పిల్లలను తెర ముందర కూర్చోబెట్టి ఊరుకోక, తెర వెనుకకు తీసుకొనిపోయి ఆ బొమ్మను చేతికివ్వండి. ఆ రంగు ఎక్కడినుండి వస్తున్నదో వారే చూస్తారు.