ఏడాది నిండిన నా దినవహి



విశ్వావసు నామ సంవత్సరాదినాడు, అనగా 2025 మార్చి 30వ తేదీని, నేనొక దినవహి వ్రాయ నారంభించితిని. నేడు 2026 మార్చి 19వ తేదీ, పరాభవ నామ సంవత్సరాది. చాంద్రమానమున గడచిన యేడునకు 354 దినములు. అందు 41 దినములు నా పుస్తకమున ఖాళీగా నున్నవి. తక్కిన 313 దినములకును ఒక్క వాక్యమైనను కలదు. ఇది గొప్ప చెప్పుకొనుటకు గాదు. ఆ పుస్తకము నాకు నేర్పిన పాఠమును మీకు విన్నవించుటకే యీ ప్రసంగము.

ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలచేత వ్రాయించితినే గాని, నాకై నేనొక పుట వ్రాసి యెరుగను. ఉద్యోగము విరమించిన పిమ్మట హైదరాబాదున ఫిలింనగరులోనున్న మా కుమారుని యింట చేరితిని. పూర్వము తెలుగు చిత్రములు హెచ్చుగా మద్రాసునందే తయారగుచుండెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ గుట్టల ప్రాంతమున అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. క్రమముగా చిత్రపరిశ్రమ యంతయు జూబిలీహిల్సు పరిసరములకు తరలివచ్చినది. ఉదయమున దైవసన్నిధానమునకు పోయి దర్శనము చేసికొని వచ్చుట తప్ప నాకచ్చట వేరు పని లేకుండెను.

మా వాడు సహాయదర్శకుడు. వాని చేతనొక పుస్తక మెప్పుడును ఉండును. చిత్రమును కథాక్రమమున తీయరట. నాయకుడు గుమ్మము వెలుపల నిలుచుట ఒక నెలలోను, లోపల నడుగిడుట వేరొక నెలలోను తీయవచ్చును. చొక్కాచేతులు మడిచి యుండెనా, గడియార మే చేతి కున్నది, గ్లాసులో పాలెంతవరకున్నవి, ఇవన్నియు నప్పటికప్పుడే వ్రాసికొనవలెను. దీనిని వారు కంటిన్యుటీ యందురు. ఇంతమాత్రము జ్ఞాపకముంచుకొనలేరా యని యడిగితిని. “జ్ఞాపకాన్ని నమ్ముకుంటే మోసపోతాం, నాన్నగారూ” అని వాడు నవ్వెను. ఆ మాట నా మనస్సున నాటెను. ఆ ఉగాదినాడే కాగితపు పుస్తకమొకటి కొంటిని.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరిరి. మజిలీలు, దారుల మంచిచెడ్డలు, ఊళ్ల వసతులు ఎప్పటి వప్పుడు వ్రాసికొనిరి. అది ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర 1838లో అచ్చుపడినది. ఇల్లు చేరిన పిమ్మట తీరికగా తలపోసికొని వ్రాసియుండినచో, ఆ వివరములలో నెన్ని మిగిలియుండును?

ఇక నా సంగతి. నల్లగొండ జిల్లాలోని మా యూర నాకు రెండెకరముల మాగాణి కలదు. నా యొద్ద నక్షరములు దిద్దిన రైతొకడు దానిని కౌలునకు చేయుచున్నాడు. గడచిన మాఘమాసమున, అతడు కౌలుసొమ్ము చెల్లింపలేదని నాకు దృఢముగా తోచెను. ఫోనులో కఠినముగా మాటలాడితిని. “పంతులుగారూ, సంక్రాంతికి ముందే మీ ఇంటికి వచ్చి మీ చేతికే ఇచ్చాను గదా!” అని అతడనెను. అబద్ధమాడుచున్నావంటిని. అతడు మారుమాటాడలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక దినవహి తిరుగవేసితిని. పుష్యమాసపు పుటలో నా చేవ్రాతతోనే యిట్లున్నది: “సాయంకాలము వచ్చెను. కౌలు 30,000 రూపాయలు ముట్టినవి. కొబ్బరికాయలు రెండు తెచ్చెను. కాఫీ త్రాగి వెళ్లెను.” బీరువా తెరచితిని. సొమ్ము పంచెల క్రింద నట్లే యున్నది.

తెల్లవారగనే బస్సెక్కి మా యూరికి పోయితిని. నలుగురి యెదుట నా తప్పొప్పుకొంటిని. అతడు నన్నొక్క మాటయు ననక, మంచము వాల్చి, మంచినీళ్లిచ్చెను. ఇన్నేండ్లు పరుల తప్పులను ఎర్రసిరాతో దిద్దినవాడను. ఆనాడు నా పుటలో ఎర్రసిరాతోనే “నేను పొరబడితిని” అని వ్రాసికొంటిని. ఆ పుస్తకమే లేకుండినచో, ఒక నిజాయితీపరుని దొంగగా నెంచుచునే నేను కన్నుమూసియుందును. అతని బిడ్డలును ఆ నింద మోసియుందురు.

కావున పెద్దలకు నా మనవి యిది. దినవహికి పాండిత్య మక్కరలేదు. తేదీ, తిథి, వాన, ఇచ్చినది, పుచ్చుకొన్నది, వచ్చినవారు, అన్నమాట — నాలుగు పంక్తులు చాలును. ఏనాటి దానాడే, పరుండుటకు ముందు వ్రాయుడు. తప్పిన దినమును పిమ్మట పూరింపకుడు. నేనొకమారు మూడుదినములు పూరింపజూచితిని. అందు జరిగినదానికంటె నాకు నచ్చినదే హెచ్చుగా వచ్చెను. వెంటనే కొట్టివేసితిని. ఆ 41 పుటలు ఖాళీగా నుండుటయే సత్యము.

పరాభవ నామ సంవత్సరము నేడే వచ్చినను, నాకు పరాభవము మాఘమునందే జరిగినది. అది మేలే చేసినది. ఈ యుదయమున రెండవ పుస్తకము విప్పి, ఉగాది పచ్చడి తిన్న పిమ్మట మొదటి పంక్తి వ్రాసితిని. మీ యిండ్లలోను నేడొక పుస్తకము తెరువబడుగాక.