గేముల్లో నీళ్ళు, మా లంక మీద విమానం

చాలా రోజుల నుంచి అడుగుతున్నారు, "అన్నా, బెస్ట్ గ్రాఫిక్స్ ఉన్న టాప్ టెన్ గేమ్స్ చెప్పు" అని. అది చెప్పనండి. టాప్ టెన్ లిస్టులు చూసీ చూసీ నాకే విసుగొచ్చేసింది. ఇవాళ ఒక్కటే మాట్లాడదాం, నీళ్ళు. గోదారి జిల్లా వాణ్ణి కదండీ, ఏ గేమ్ మొదలుపెట్టినా ముందు నీళ్ళ దగ్గరికే వెళ్తాను. తుపాకీ ఎలా పేలుతుంది, కారు ఎంత స్పీడు వెళ్తుంది అన్నవి తర్వాత. చివర్లో మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి ఉంది, అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నదే దాని కోసం. కానీ అది అర్థం కావాలంటే ముందు కొంచెం పాఠం వినాలి. తప్పదు.

నేను ఫస్ట్ చూసిన గేమ్ నీళ్ళు వైస్ సిటీలోవి. 2002లో వచ్చిన గేమ్ అది, మా ఊరి నెట్ సెంటర్‌కి చేరేసరికి నేను ఆరో ఏడో క్లాసు. గంటకి పదిహేను రూపాయలు. అందరూ పోలీసుల్ని కొడుతుంటే నేను బీచ్‌కి వెళ్ళి నిలబడేవాణ్ణి. నీళ్ళలో దిగితే టామీ చచ్చిపోయేవాడు, వాడికి ఈత రాదు. ఆ సముద్రం ఏమిటంటే, ఒక నీలం రంగు గుడ్డ పరిచి దాన్ని కిందా మీదా ఊపినట్టన్నమాట. అయినా నాకు బానే ఉండేది.

తర్వాత ఇంజనీరింగ్‌లో రూమ్మేట్ లాప్‌టాప్‌లో హాఫ్ లైఫ్ 2 ఆడాను. 2004 గేమ్. అంటే నేను ఆడేటప్పటికే పాతది. కానీ అందులో కాలువ సీన్లు వస్తాయి చూడండి, అక్కడ ఆగిపోయాను. గేమ్ ఆపేసి నీళ్ళ వంకే చూస్తున్నానని రూమ్మేట్ తిట్టాడు కూడా. ఎందుకు నిజంలా అనిపించిందో అప్పట్లో తెలీలేదు. తర్వాత చదువుకున్నాను.

రాజమండ్రిలో పుష్కర ఘాట్‌కి ఎప్పుడైనా వెళ్తే, వరద లేని రోజుల్లో, ఈ పని చెయ్యండి. ఆఖరి మెట్టు మీద నిలబడి మీ కాళ్ళ దగ్గర నీళ్ళలోకి తిన్నగా కిందకి చూడండి. నీళ్ళ కింద మెట్టు కనిపిస్తుంది, నాచు కనిపిస్తుంది. ఇప్పుడు తలెత్తి దూరంగా కొవ్వూరు వైపు చూడండి. అవే నీళ్ళు, కానీ లోపల ఏమీ కనపడదు, ఆకాశం కనిపిస్తుంది. అద్దంలా అయిపోతుంది. చూపు ఎంత ఏటవాలుగా ఉంటే నీళ్ళు అంత అద్దమవుతాయి. దీన్నే ఫ్రెనెల్ ఎఫెక్ట్ అంటారు. ఫ్రెనెల్ అనే ఆయన రెండొందల ఏళ్ళ కిందటి ఫ్రెంచ్ మనిషి. ఉద్యోగం ఏంటో తెలుసా, రోడ్లూ వంతెనలూ కట్టే ప్రభుత్వ ఇంజనీరు. అంటే మన కాటన్ దొర లాంటి డిపార్ట్‌మెంటే. ఖాళీ దొరికినప్పుడు వెలుతురు మీద లెక్కలు వేసుకునేవాడు. గేమ్‌లో నీళ్ళు నీళ్ళలా అనిపించాలంటే ఆ లెక్క ఉండి తీరాలి. అది లేకపోతే ఎంత రిజల్యూషన్ పెట్టినా ప్లాస్టిక్ షీటే.

ఇంక అలలు. జెర్రీ టెస్సెండోర్ఫ్ అని ఒకాయన, సముద్రం అంటే వేర్వేరు సైజుల్లో, వేర్వేరు దిక్కుల్లో పోయే బోలెడన్ని చిన్న అలల కూడిక అని పట్టుకుని, ఆ కూడికని ఎఫ్.ఎఫ్.టి.తో గబగబా చేసే పద్ధతి గ్రాఫిక్స్ వాళ్ళకి అందించాడు. 1997 టైటానిక్ సినిమాలో కంప్యూటర్ సముద్రం ఆ పద్ధతిదే. 2018లో వచ్చిన సీ ఆఫ్ థీవ్స్ గేమ్‌లో సముద్రం చూసి నోరెళ్ళబెట్టారు కదా, అదీ ఆ దారిలోదే. ఈసీఈ వాళ్ళకి ఎఫ్.ఎఫ్.టి. గుర్తుండే ఉంటుంది, ఎందుకు చదువుతున్నామో తెలీకుండా చదివాం. ఇందుకండీ.

కానీ అది సముద్రం. ఏరు వేరు. ఏటికి ఒడ్డుంటుంది, వాలుంటుంది. బ్రిడ్జి స్తంభం దగ్గర నీళ్ళు చీలతాయి, వెనకాల సుడి తిరుగుతుంది. దీనికి వాల్వ్ కంపెనీ వాళ్ళు లెఫ్ట్ 4 డెడ్ 2లో ఒక ఉపాయం చేశారు. నీళ్ళ మీద ఏ చోట ఎటు పారాలో బాణాల్లా ఒక బొమ్మలో దాచిపెడతారు. ఫ్లో మ్యాప్ అంటారు. గేమ్ ఆ బొమ్మ చదువుకుంటూ అలల్ని ఆ వైపు జరుపుతుంది. అందులో లూసియానా చిత్తడి నేలల లెవెల్ ఒకటుంది. అంటే మిసిసిపీ డెల్టా, వాళ్ళ కోనసీమ అనుకోండి. ఆ బురద నీళ్ళు చూసినప్పుడు, గేమ్‌లో నాకు మొదటిసారి మన వైపు నీళ్ళు గుర్తొచ్చాయి.

ఎందుకంటే గేముల్లో నీళ్ళు ఎప్పుడూ నీలంగా, తేటగా ఉంటాయి. మన గోదారి అలా ఉండేది ఎండాకాలమే. జూలై వస్తే ఎర్రనీళ్ళు. టీలో పాలు కలిపినట్టుంటుంది. ఆ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది, వెలుతురు లోపలికి దిగేలోపే ఆ రేణువులకి తగిలి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే లోతు కనపడదు. మోకాలి లోతో, నిలువు లోతో చూసి చెప్పలేం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు నేను ఇంటి దగ్గరే ఉన్నాను, వర్క్ ఫ్రమ్ హోమ్. ఏటిగట్టు మీద నిలబడితే ఆ నీళ్ళకి చప్పుడు కూడా పెద్దగా లేదు. మందంగా, బరువుగా జరుగుతున్నాయి. ఆ బరువుని గేమ్‌లో నేనింకా చూడలేదండి. రే ట్రేసింగ్ వచ్చినా సరే, అది ప్రతిబింబాలు బాగు చేస్తుంది గానీ బరువు తేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

2021లో బోనస్ డబ్బులతో పీసీ బిల్డ్ చేశాను. గ్రాఫిక్స్ కార్డులు బంగారం రేటు పలికిన టైమ్ అది. ఇంట్లో ఎంతైందో ఇప్పటికీ కరెక్టుగా చెప్పలేదు, ఈ వీడియో మా అమ్మ చూడకపోతే బాగుండు. అందులో మొదట వేసింది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. 2020 ఆగస్టులో వచ్చింది. తయారుచేసింది అసోబో అనే ఫ్రెంచ్ స్టూడియో. దీని గొప్ప ఏంటంటే, మొత్తం భూమి ఉంటుంది. బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ ఫోటోలు, విమానాల నుంచి తీసిన ఫోటోలు రెండు పెటాబైట్లకి పైగా వాళ్ళ సర్వర్లలో ఉంటాయి, మీరు ఎక్కడ ఎగురుతుంటే అక్కడి ముక్క ఇంటర్నెట్‌లో వస్తుంటుంది. ఆస్ట్రియాలో బ్లాక్‌షార్క్ అనే కంపెనీ, ఆ ఫోటోల్లో పైకప్పులు చూసి ఇళ్ళు ఎక్కడున్నాయో ఏ.ఐ.తో కనిపెట్టి, 150 కోట్ల బిల్డింగులు నిలబెట్టింది. మనిషి చేత్తో కట్టినవి కావు.

పై నుంచి తీసిన ఫోటోలో ఎత్తు తెలీదు కదా, అందుకని తమాషాలు జరుగుతాయి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ శివార్లలో ఒక మామూలు ఇంటి దగ్గర సూదిలాగా 212 అంతస్తుల టవర్ లేచింది. ఎవరో ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో రెండు అంతస్తులు అని కొట్టబోయి 212 అని కొట్టారు. మ్యాప్‌లో తర్వాత సరిచేశారు, కానీ గేమ్ ఆ పాత డేటాని నమ్మేసింది. ఈ "పాత డేటా" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

నేను మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి చిన్న సెస్నా విమానం ఎత్తి దక్షిణానికి తిప్పాను. రాజమండ్రి వచ్చింది. గోదారి వచ్చింది. బ్రిడ్జిలు చూసి నవ్వొచ్చింది. 1997 నాటి ఆర్చి బ్రిడ్జికి 28 ఆర్చీలు ఉంటాయి కదా, మన సినిమాలన్నిట్లో కనిపించేది, అది నీళ్ళ మీద గీసిన గీతలా ఉంది. పక్కన హేవలాక్ బ్రిడ్జి ఇంకో గీత. పై నుంచి తీసిన ఫోటోకి అంతకంటే ఏం తెలుస్తుంది లెండి. కానీ ధవళేశ్వరం దాటి ఎడమ పక్కకి గౌతమి, కుడి పక్కకి వశిష్ఠ చీలినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. కాలువలు, కాలువల్లోంచి పిల్ల కాలువలు, చేల గట్లు, అన్నీ ఎక్కడివక్కడే. ఇరవై ఏళ్ళు దాని మీద నడిచినా ఆ ఆకారం నాకు తెలీదు.

నాన్నగారిని పిలిచాను. ఆయనకి గేమ్స్ అంటే చిరాకు. "ఏంట్రా, మళ్ళీ ఏదో కాల్చుకోడమేనా" అనుకుంటూ వచ్చారు. కోటిపల్లి రేవు చూపించగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గట్టెంబడే పోనియ్. కిందకి దించు. ఆ మలుపు దగ్గర నెమ్మది." నేను పైలట్‌ని, ఆయన లారీ క్లీనర్‌లా డైరెక్షన్లు. ఊరి పేరు చెప్పను గానీ, మా లంక దగ్గరికి వచ్చాక ఆయన మాట ఆగిపోయింది.

మా కొబ్బరి తోట ఏరు కోసేసిందండి. ఒక్కసారిగా కాదు. ఏటా కొంచెం. ముందు ఒడ్డు వరస ఒరిగింది, తర్వాత రెండో వరస. వరద వచ్చేటప్పుడు కన్నా తీసేటప్పుడు ఎక్కువ పోతుంది. నీళ్ళు దిగిపోతుంటే తడిసిన గట్టు దన్ను లేక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. నా ఇంజనీరింగ్ అయ్యేసరికి తోట లేదు. కానీ గేమ్‌లో ఉంది. ఆ ముక్క ఫోటో ఎప్పుడో పాతది. ఒడ్డు ఇంకా ముందుకి ఉంది, దాని మీద చెట్లున్నాయి.

"ఇదిగో, ఇది మనదే" అన్నారు నాన్నగారు. స్క్రీన్ మీద వేలు పెట్టారు. నేను ఆ ఒడ్డు మీద గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాను. దగ్గరికి దిగితే గేమ్ వేసిన చెట్లు కొబ్బరి చెట్లు కూడా కావు, ఏవో గుబురు చెట్లు. ఆయన అది పట్టించుకోలేదు. కాసేపాగి, "దీన్ని మార్చేస్తార్రా వీళ్ళు?" అని అడిగారు. కొత్త ఫోటోలు వస్తే మారుస్తారు నాన్నా అన్నాను. గేమ్‌ని బాగుచెయ్యడమంటే అదే కదా. మార్చకుండా ఉంచమని అడగడానికి కుదరదా అన్నారు. ఉపగ్రహం ఫోటో తాజాగా లేదని కంప్లయింట్ చేసేవాళ్ళుంటారు గానీ, తాజాగా వద్దని అడిగేవాళ్ళుంటారా? నేను ఒకటి చేశాను. ఆ గేమ్‌లో మాన్యువల్ క్యాష్ అని ఉంటుంది, కావలసిన ప్రాంతాన్ని గడులుగా ఎంచుకుంటే ఆ డేటా మన డిస్క్‌లోకి దిగిపోతుంది. మా లంక చుట్టూ గడులన్నీ ఎంచి హై క్వాలిటీలో దించేశాను. ఎన్నాళ్ళు పనికొస్తుందో చెప్పలేను, అందుకని వీడియో కూడా రికార్డు చేసి పెట్టాను. ఆయనకి వీడియో అక్కర్లేదు. ఎగరాలి.

ఓ ఆదివారం మామ్మకి కూడా చూపించాం. ఎనభై దాటాయి, కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. నాన్నగారు గొప్పగా, "అమ్మా, మన తోట చూడు" అన్నారు. మామ్మ చాలాసేపు చూసి, "అది మనదెక్కడదిరా, పక్కోళ్ళది. మనది ఇంకా ముందుకి" అంది. ముందుకి అంటే గేమ్‌లో నీళ్ళు. నీలం రంగు నీళ్ళు.

నాన్నగారు ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంట్లో ఇదే గొడవ. తాతయ్య లేరు, అడగడానికి. చివరికి నేను గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరిచాను. 1984 నుంచి ఏడాదికో ఫోటో ఉంటుంది, ఫ్రీ, మీరూ మీ ఊరు చూసుకోవచ్చు. వెనక్కి జరిపితే ఒడ్డు ముందుకి జరిగింది. 1986 వరద తర్వాత ఏళ్ళ నుంచి తగ్గుకుంటూ వచ్చింది. ఒడ్డు విషయంలో మామ్మ చెప్పిందే కరెక్టు, గేమ్‌లో ఉన్నదానికంటే ఏటిలోకి చాలా ముందుకి నేల ఉండేది. కానీ మన తోట ఏదో అందులో తేలలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో తీసింది ల్యాండ్‌శాట్ ఉపగ్రహం, ఒక పిక్సెల్ అంటే నేల మీద ముప్పై మీటర్లు బై ముప్పై మీటర్లు. మా తోట ఎకరన్నర. లెక్కేస్తే ఏడు పిక్సెల్స్ కూడా రాలేదు.

ఆ ఏడు పిక్సెల్స్ ఏవో మామ్మని చూపించమన్నాను. ఆకుపచ్చ మచ్చ మీద వేలు పెట్టింది. నాన్నగారు ఇంకో మచ్చ మీద పెట్టారు.

ఇప్పుడు ఆయనే విమానం ఎత్తుతున్నారండి. టేకాఫ్ వచ్చేసింది. ల్యాండింగ్ ఇంకా రాలేదు, ప్రతిసారీ గోదాట్లోనే దించుతున్నారు.